సైట్ నమ్మదగిందా? ముందు అందులోంచి బయటికి రండి

ఒక సైట్‌ను నమ్మవచ్చో లేదో తేల్చడానికి చాలామంది ఆ సైట్‌నే పైనుంచి కిందిదాకా చదువుతారు. డిజైన్ చూస్తారు, అక్షరదోషాలు వెతుకుతారు, ‘మా గురించి’ పేజీ తెరుస్తారు. అవన్నీ సైట్ నడిపేవాళ్లు తమ గురించి తాము చెప్పుకున్నవే. బయోడేటా ఒక్కటే చూసి ఉద్యోగం ఇచ్చేయడం లాంటిదిది.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో దీనిమీదే ఒక అధ్యయనం వెలువరించారు. 10 మంది చరిత్రకారులు, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లు, 25 మంది విద్యార్థులు. వాళ్ల ముందు పిల్లల డాక్టర్ల సంఘాల సైట్లు రెండు పెట్టి, ఏది ఎక్కువ నమ్మదగిందో చెప్పమన్నారు. ఒకటి 1930లో పుట్టిన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్‌ది, రెండోది అందులోంచి విడిపోయినవాళ్లు 2002లో పెట్టుకున్న చిన్న సంఘానిది. విద్యార్థుల్లో ఎక్కువమంది చిన్న సంఘానికే ఓటేశారు. చరిత్రకారుల్లోనూ చాలామంది తడబడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం పేజీ పూర్తిగా చదవకుండానే కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సంఘాల గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు. అందరూ పాత అకాడమీనే ఎంచుకున్నారు, ఒక్కరూ పొరబడలేదు.

మీరూ అదే చేయండి. సెర్చ్ బాక్స్‌లో సంస్థ పేరును డబుల్ కోట్స్‌లో పెట్టండి. ఖాళీ వదిలి మైనస్ గుర్తు, దాన్ని ఆనుకుని ఇంగ్లిష్‌లో ‘సైట్’, కోలన్, ఆ సైట్ చిరునామా టైప్ చేయండి. ఆ సైట్ సొంత పేజీలు పక్కకు పోయి బయటివాళ్ల మాటలే మిగులుతాయి. మైనస్ తర్వాత ఖాళీ పడితే ఇది పనిచేయదు.

చిరునామాను చదవడానికీ ఒక పద్ధతుంది. మొదటి ఒంటరి స్లాష్ దగ్గర మొదలుపెట్టి ఎడమకు వెళ్లండి. మామూలుగా చివరి రెండు ముక్కలే అసలు యజమాని. చివర ‘డాట్ కో డాట్ యూకే’ లాంటిది ఉంటే మూడు ముక్కలు. వాటికి ముందు ఎంత పెద్ద బ్యాంకు పేరున్నా లెక్కలోకి రాదు. ‘డాట్ ఆర్గ్’ ఎవరైనా కొనుక్కోవచ్చు. బ్రౌజర్‌లో చిరునామా పక్కన కనబడే తాళం బొమ్మకు అర్థం మీకూ సైట్‌కూ మధ్య సమాచారం గుప్తంగా వెళ్తోందని, అంతే. అవతల ఉన్నది మోసగాడైనా తాళం పడుతుంది. జనం దాన్ని భరోసాగా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మను తీసేసింది.

అసలు కష్టం, ఒకే మాట ఇరవై సైట్లలో కనబడినప్పుడు. ఇరవై సైట్లంటే ఇరవై సాక్ష్యాలు కావు. పందొమ్మిది కాపీలు కావచ్చు. అందులోంచి ఎనిమిది పది పదాల వింత వాక్యం ఒకటి తీసి కోట్స్‌లో పెట్టి వెతకండి, అన్నిటికంటే పాతదేదో చూడండి. సెర్చ్‌లో కనబడే తేదీని మాత్రం గుడ్డిగా తీసుకోకండి. పాత పేజీకి కొత్త తేదీ వేయడం క్షణం పని. వెబ్ పేజీల పాత ప్రతులను దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో చిరునామా పెడితే మొదటి ప్రతి ఏ రోజుదో తెలుస్తుంది. పేజీ ఆ రోజుకే ఉందని అర్థం, ఆ రోజే పుట్టిందని కాదు.

అపోహలు తొలగించే రాతలకూ ఈ పరీక్ష పెట్టాలి. పాలకూరలో ఇనుము ఎక్కువన్న నమ్మకం దశాంశ బిందువు తప్పుగా పడటంవల్ల వచ్చిందని ఎన్నో వ్యాసాలు రాశాయి. బ్రిటిష్ క్రిమినాలజిస్ట్ మైక్ సటన్ 2010లో మూలాలు తవ్వుకుంటూ పోతే ఆ బిందువు కథకే ఆధారం దొరకలేదు!

ఫొటోలకు రివర్స్ ఇమేజ్ సెర్చ్ ఉంది, అంటే ఫొటోనే ఇచ్చి అది ఇంకెక్కడెక్కడ ఉందో వెతకడం. అలా వెతికిపెట్టే టిన్‌ఐ సైట్‌లో పాతవి ముందు వచ్చేలా అమర్చుకోవచ్చు. ఏమీ దొరక్కపోతే బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి, లేదా మీద రాసిన అక్షరాలు కత్తిరించి మళ్లీ వెతకండి. స్క్రీన్‌షాట్ అయితే నా దృష్టిలో అసలు సాక్ష్యమే కాదు. బ్రౌజర్‌లో ‘ఇన్‌స్పెక్ట్’ నొక్కి ఏ పేజీలోని అక్షరాలనైనా అర నిమిషంలో మార్చి ఫొటో తీయవచ్చు. లింక్ అడగండి.

‘పరిశోధనలో తేలింది’ అన్నచోట డీఓఐ నంబర్ (పరిశోధన పత్రానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) వెతికి డీఓఐ డాట్ ఆర్గ్‌లో వేయండి. చాట్‌బాట్ ఇచ్చిన పేపరైతే ఇది తప్పనిసరి. నంబర్ అసలు ఉండకపోవచ్చు, ఉన్నా సంబంధం లేని మరో పేపర్ తెరుచుకోవచ్చు. తెరుచుకున్నాక శీర్షిక పక్కన ‘రిట్రాక్టెడ్’, అంటే ఉపసంహరించుకున్నారని, ఉందేమో చూడండి. టీకాలను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి పేపర్‌లో ఉన్నది 12 మంది పిల్లలే. దాన్ని ప్రచురించిన వైద్య పత్రిక లాన్సెట్ 2010లో ఉపసంహరించుకుంది. ఆ ముద్ర లేని పాత పీడీఎఫ్‌లు మాత్రం చేతులు మారుతూనే ఉంటాయి.