పిల్లలు పక్కనే కూర్చున్న ఆరాధన

మా చర్చి సంఘంలో ఈమధ్య నెల మొదటి ఆదివారం, పిల్లలకు బైబిల్ నేర్పే సండే స్కూల్ విడిగా పెట్టడం లేదు. పిల్లలంతా మందిరంలో పెద్దవాళ్ల పక్కనే కూర్చుంటున్నారు. గోల అవుతుందని, వాక్యం వినబడదని కొందరు టెన్షన్ పడ్డారు. గోల నిజమే. అయినా ఈ పద్ధతి మానకూడదని నా గట్టి అభిప్రాయం.

మొన్న ప్రభువు బల్ల (యేసును గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారం) సమయంలో మా చిన్నది నా కొంగు లాగి, "అమ్మా, తాతయ్య ఎందుకు ఏడుస్తున్నాడు?" అంది. మామగారు రొట్టె ముక్క చేతిలో పట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నారు. "ఇంటికెళ్లాక తాతయ్యనే అడుగు" అన్నాను. అన్నాల దగ్గర అడిగేసింది. ఆయన తన బాప్తిస్మం గురించి, వాళ్లమ్మ పొలం నుంచి వచ్చి లాంతరు ముందు మోకరించడం గురించి చెప్పుకుంటూ పోయారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ సంగతులేవీ నాకు తెలియవు.

బైబిల్లోని నిర్గమకాండం 12వ అధ్యాయంలో, ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి విడుదలను గుర్తుచేసుకునే పస్కా పండుగతో పాటు, ఈ ఆచారం ఏమిటని పిల్లలు అడిగితే ఏం చెప్పాలో కూడా ఉంది. పిల్లలు అక్కడ లేకపోతే అడిగేదెవరు? 1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూల్ పెట్టింది వారమంతా పనిచేసే పేద పిల్లలకు చదువు నేర్పడానికి, ఆరాధన నుంచి పిల్లల్ని వేరుచేయడానికి కాదు. సండే స్కూల్ అంటే నాకు ప్రాణం, కంఠత వాక్యాలన్నీ అక్కడే నేర్చుకున్నాను. కానీ అమ్మానాన్నల పక్కన నిలబడి కీర్తన పాడటం వేరు.

ఇప్పుడు రాత్రి కుటుంబ ప్రార్థనలో ఏ కీర్తన పాడాలో పిల్లలే చెబుతున్నారు. మామగారు ఎత్తుకుంటే మేమందరం అందుకుంటాం. భోజనానికి ముందే పెట్టుకుంటున్నాం, తిన్నాక అయితే చిన్నది నిద్రపోతుంది.