జాయినింగ్ ఫారంలో ఆ గడి

విశాఖ రుషికొండలో కొత్త ఉద్యోగం వచ్చిందనగానే ఇంట్లో సంతోషం కన్నా టెన్షనే ఎక్కువైంది. నాకు బైపోలార్ ఉంది, అంటే మనసు ఒక్కోసారి విపరీతమైన హుషారులోకి, ఒక్కోసారి దిగులులోకి వెళ్ళిపోయే జబ్బు. దానికి లిథియం అనే మందు వాడుతున్నాను. "ఆఫీసులో ఎవరితోనూ అనకే తల్లీ, రేపు సంబంధాలు చూడాలి" అంది అమ్మ. నాన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి నా వెనకాల నడిచింది ఆయనే.

పాత ఆఫీసులో వరసగా నైట్ షిఫ్టులు పడ్డాక నాకు నిద్ర పట్టకుండా పోయింది. అలసట లేదు, పైగా ఒంట్లోకి కొత్త బలం వచ్చినట్టుండేది. మాట ఆగేది కాదు. 2014లో హుద్‌హుద్ తుఫాను చూసినదాన్ని కదా, అలాంటిదే మళ్ళీ వస్తోందనీ, దాన్ని ఆపగలిగేది నేనొక్కదాన్నేననీ గట్టిగా నమ్మాను. అర్ధరాత్రి చెప్పుల్లేకుండా ఎంవీపీ కాలనీ నుంచి లాసన్స్ బే దాకా నడిచాను. నాన్న తిట్టలేదు, చెయ్యి పట్టి లాగలేదు. "గాలి చూడు నాన్నా" అంటే "చూస్తున్నానమ్మా, పద, ఇంటికెళ్ళి కిటికీలు మూద్దాం" అన్నారు. ఆ మాటకే వెనక్కి వచ్చాను. ఇప్పటికీ తలుచుకుంటే ఏడుపొస్తుంది.

తర్వాత ఆస్పత్రి, మందులు, రక్త పరీక్షలు. కుదుటపడ్డాను.

కొత్త ఉద్యోగం గురించి అడిగితే డాక్టరు మేడం, "జబ్బు పేరు చెప్పడం నీ ఇష్టం. రాత్రి మేలుకోవడం మాత్రం నీకు పడదు, అది అడగడానికి మొహమాటపడకు" అని ఉత్తరం రాసిచ్చారు. కానీ జాయినింగ్ ఫారంలో మానసిక సమస్యలున్నాయా అని సూటిగానే అడిగారు. ఉన్నాయని రాశాను. హెచ్‌ఆర్ ఆవిడ అది చదివి, "ముందే తెలిస్తే ఇంకోలా ఆలోచించేవాళ్ళమేమో" అంది. షుగర్ ఉన్నవాళ్ళతో ఇలాగే అంటారా? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. ప్రైవేటు సంస్థలకు కూడా సమాన అవకాశాల విధానం ఉండాలని అదే చట్టం చెబుతోంది. ఆ క్షణంలో ఇవేవీ నా నోట రాలేదు.

టీమ్ లీడ్ మాత్రం ఉత్తరం చూసి, "నైట్స్ వద్దు, అంతే కదా? రోస్టర్ నేను చూసుకుంటాను" అన్నారు. ఆయనకు రుణపడి ఉంటాను.

నాలాంటివాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఫారం అడిగితే అబద్ధం రాయకండి, రేపు అదే సాకవుతుంది. అడగకపోతే కథంతా చెప్పనక్కర్లేదు, మీకు కావలసింది అడగండి చాలు. భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మ సింహాచలం వెళ్ళి అప్పన్నకు మొక్కు తీర్చుకుంది. నాకిప్పుడు అన్నీ పగటి షిఫ్టులే. హెచ్‌ఆర్ ఆవిడ ఇప్పటికీ నాతో గొంతు తగ్గించి, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. ఆ మాట తీరు మార్చుకోమని ఈ నెలలోనే అడగబోతున్నాను.