ధమని గోడలో నీటిని నిలిపేది ఏది?

ధమని గోడ నీరు చొరని గొట్టం కాదు. లోపల సగటున 100 మిల్లీమీటర్ల పాదరసం పీడనం ఉంటుంది, బయట దాదాపు ఏమీ ఉండదు. ఆ తేడా వల్ల ప్లాస్మాలోని నీరు గోడ గుండా బయటికి ఊరుతూనే ఉంటుంది. వేగం మాత్రం సెకనుకు కొన్ని పదుల నానోమీటర్లే. 30 అనుకుంటే రోజంతా కలిపి రెండున్నర మిల్లీమీటర్లు!

అంత పీడనం తోస్తున్నా ఇంత నెమ్మదెందుకు? గోడలో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే ప్రొటీన్ పోగులు ఎక్కువ కాబట్టి అవే అడ్డనుకోవడం సహజం. లోపలి ఎండోథీలియం పొర కూడా గట్టి అడ్డే. కుందేలు మహాధమనిలో దాన్ని తొలగిస్తే ప్రవాహం ఇంచుమించు రెట్టింపవుతుంది. మిగిలిన నిరోధంలో పెద్ద వాటా మాత్రం ఎండు బరువులో కొద్ది శాతమే ఉండే గ్లైకోసమినోగ్లైకాన్లది. హయలురోనాన్, కాండ్రాయిటిన్ సల్ఫేట్, హెపరాన్ సల్ఫేట్ లాంటి పొడవాటి చక్కెర గొలుసులివి.

కారణం వాటి సన్నదనం. పత్తిని లావు మోకుగా పేని పాత్రలో కుక్కితే నీరు సందుల్లోంచి జారిపోతుంది. అంతే పత్తిని విడి పోగులుగా దట్టంగా పరిస్తే నీరు బొట్టుబొట్టుగా దిగుతుంది. ఒకే ఘనపరిమాణానికి పారగమ్యత, అంటే నీటిని పోనిచ్చే గుణం, పోగు వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి మారుతుంది. కొల్లాజెన్ పోగు వ్యాసార్ధం 25 నానోమీటర్లు, చక్కెర గొలుసుది అర నానోమీటరు అనుకోండి: తేడా 2,500 రెట్లు. పైగా ఈ గొలుసుల మీద రుణావేశం ఉంటుంది. అది సోడియాన్ని, దానితోపాటు నీటిని లాగి జెల్లులా ఉబ్బుతుంది. ఆ ఉబ్బును కొల్లాజెన్ వల బిగించి పట్టుకుంటుంది. అందుకే కొల్లాజెన్ పాత్రను తీసిపారేయకూడదు. పీడనం పెంచితే గోడ నలిగి సందులు ఇంకా బిగుస్తాయి. పీడనం రెట్టింపు చేసినా ప్రవాహం అంత పెరగకపోవడానికి ఇదొక కారణం.

కొలవడంలోనే అసలు చిక్కులున్నాయి. 3 మిల్లీమీటర్ల వ్యాసం, 2 సెంటీమీటర్ల పొడవున్న ధమని ముక్క లోపలి వైశాల్యం 1.9 చదరపు సెంటీమీటర్లు. పై వేగానికి గంటకు వచ్చేది 20 మైక్రోలీటర్లే. ముక్కకు ద్రావణం తెచ్చే గాజు గొట్టంలో ఒక గాలి బుడగను వదిలి దాని కదలికను కొలుస్తారు; గొట్టం లోపలి వ్యాసం 1 మిల్లీమీటరైతే బుడగ గంటకు 26 మిల్లీమీటర్లు కదులుతుంది. కాబట్టి కట్టకుండా వదిలిన ఒక్క చిన్న శాఖ చాలు, కొలత అంతా ఆ లీకే అయిపోతుంది. పీడనానికి పంపు అక్కర్లేదు. 136 సెంటీమీటర్ల ఎత్తున ద్రావణం సీసా పెడితే 100 మిల్లీమీటర్ల పాదరసంతో సమానం.

పీడనం పెట్టగానే బుడగ వేగంగా పరుగెత్తుతుంది. అది ఊట కాదు, గోడ సాగడం. వేగం నిలకడగా మారేదాకా అంకెలు రాసుకోకండి. ద్రావణంలో 4 శాతం ఆల్బుమిన్ వేయకపోతే ఎండోథీలియం మీది చక్కెర పూత వదులై గోడ ఎక్కువగా కారుతుంది. ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గరే నిలపాలి. 25 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత దాదాపు 30 శాతం ఎక్కువ, ప్రవాహం ఆ మేరకు తగ్గి కనిపిస్తుంది.

గొలుసుల పాత్ర తేల్చడానికి హయలురోనిడేజ్, కాండ్రాయిటినేజ్ ఎంజైములతో వాటిని కోసి, ముందూ వెనుకా ప్రవాహం పోల్చాలి. ఎంజైములో ప్రొటీనును కోసే కల్తీ ఉంటే కొల్లాజెన్ వల కూడా చెడిపోతుంది, ఫలితం గొలుసులదని పొరపడతాం. అందుకే ఆ కల్తీని ఆపే ప్రొటియేజ్ నిరోధకాలు కలపాలి. వేడిచేసి పనిచెయ్యకుండా చేసిన అదే ఎంజైముతో ఇంకో ముక్కనూ నడపాలి. అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఎంజైము లోతుకు దిగకపోవడం: ప్రవాహం మారలేదంటే గొలుసులకు పాత్ర లేదని అర్థం కాదు, అవి తెగి ఉండకపోవచ్చు. ప్రయోగం అయ్యాక ఆ ముక్కనే కోసి ఈ గొలుసులకు అంటుకునే ఆల్షియన్ బ్లూ రంగు వేసి చూడండి. నీలం ఇంకా చిక్కగా ఉంటే ఆ కొలతను లెక్కలోకి తీసుకోవద్దు.