ఇన్ కెమెరా అంటే అమ్మ భయపడింది

2021లో గృహహింస చట్టం కింద కేసు వేయడానికి మా జిల్లాలో హింసకు గురైన స్త్రీలకు సాయపడే సఖి కేంద్రానికి వెళ్ళినప్పుడు, రక్షణ అధికారి జరిగిన హింస వివరాలు రాసే ఫారం-1 ముందు పెట్టుకుని, ఏ రోజు ఎవరు కొట్టారో, నా నగలు ఎప్పుడు తీసుకున్నారో ఒక్కొక్క గడి నింపుతూ అడిగారు. అమ్మకు కూడా చెప్పని సంగతులు ఆవిడకు చెప్పగలిగాను; ఒక ప్రతి మెజిస్ట్రేటుకు, ఒకటి పోలీసు స్టేషనుకు వెళ్తుందని ఆవిడ ముందే చెప్పారు.

పిటిషన్ దాఖలయ్యాక, 16వ సెక్షన్ కింద విచారణను ఇన్ కెమెరాగా జరపమని కోరదామని మా వకీలు అన్నారు. ఆ మాట విని, కోర్టులో వీడియో తీస్తారేమోనని అమ్మ రాత్రంతా నిద్రపోలేదు. సంబంధం లేనివాళ్ళను బయటికి పంపి వినడమే దాని అర్థమని తెలిశాక కుదుటపడింది. కేసును 60 రోజుల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది గాని, నాకు 14 నెలలు పట్టింది.

అసలు చిక్కు కోర్టు బయట వచ్చింది. నాకు సాయపడిన ఒక స్వచ్ఛంద సంస్థవారు మిగతా కాగితాలతో పాటు ఒక అంగీకార పత్రం మీద కూడా సంతకం చేయించుకున్నారు, నేను చదవలేదు. వాళ్ళ మార్చి 8 మహిళా దినోత్సవం కరపత్రంలో నా ఫోటో వచ్చింది. పేరు మార్చారు, ముఖం మసకగా చేశారు, కాని నా వంగపండు రంగు చీర, పక్కన మా పాప స్కూలు బ్యాగు అలాగే ఉన్నాయి. "ఇది మీరేనా అమ్మా" అని కిరాణా కొట్టాయన జాలిగా అడిగాడు.

వెళ్ళి నిలదీస్తే, "మీ కథ విని నలుగురు ధైర్యం తెచ్చుకుంటారు కదా" అన్నారు. ఆ నలుగురి బరువు నా నెత్తిన ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మెజిస్ట్రేటుకు చెప్పినంత మాత్రాన ఊరందరికీ చెప్పినట్టు కాదని, నా అంగీకారాన్ని వెనక్కి తీసుకుంటున్నానని లేఖ రాసిచ్చి, రసీదు తీసుకున్నాను. మిగిలిన కరపత్రాలు ఆపారు గాని, పంచినవి తిరిగి రాలేదు. అత్యాచార బాధితురాలి పేరు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు జైలు ఉంది. ఆమె స్వయంగా రాసిస్తే మాత్రం వేయవచ్చు. నాలాంటి కేసులకు ఆ సెక్షన్ వర్తించదు.

సఖి కేంద్రంలోనే పరిచయమైన స్నేహితురాలు ఈ ఏడాది మార్చి 8 సభలో తన సొంత పేరుతో మాట్లాడింది. ముందు రోజు ఫోన్ చేసి, "అక్కా, పేరు లేకుండా నీ సంగతి కూడా చెప్పనా" అని అడిగింది. వద్దన్నాను. "సరే అక్కా" అంది, ఎందుకని అడగలేదు. మూడో వరుసలో కూర్చుని, ఆమె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, చివరిదాకా విన్నాను. ఆమె మాటల్లో నేను ఎక్కడా లేను.