ఆవకాయ ముక్కలూ, బండి తాళం

పోయిన ఆదివారం కాళేశ్వరరావు మార్కెట్‌లో బండి తాళం పోగొట్టుకున్నాను. ఆవకాయకని 25 కాయలు కొని, అక్కడే ముక్కలు కొట్టించి, రెండు చేతుల్లో రెండు సంచులతో బండి దగ్గరకొచ్చి జేబు తడుముకుంటే ఏదీ? డబ్బులు తీసేటప్పుడు జారిపోయుంటుంది. వెనక్కెళ్ళి జీడి కుప్పలో కూడా పుల్లతో కెలికి చూశా. కాయలు కొట్టే ఆవిడ "బేరాలయ్యే టైమయ్యా" అనేసరికి వచ్చేశా.

రెండో తాళం నాన్న హయాంలోనే పోయింది. హ్యాండిల్ లాక్ వేసుంది, తోసుకెళ్ళడానికీ లేదు. నాన్న 2006లో కొన్న స్ప్లెండర్, ట్యాంకు మీద ఇంకా హీరో హోండా అనే ఉంటుంది. దానికి లాక్ సెట్టు మొత్తం మార్పించడం నాకిష్టం లేదు. నిమ్మకాయల కుర్రాడు చెప్తే, సందు చివర గొడుగు కింద తాళాలు చేసే పెద్దాయన్ని పట్టుకొచ్చా.

ఆయన పెట్టె దించకుండానే "ఆర్సీ చూపించు బాబూ" అన్నాడు. అక్కడ దొరికిపోయా. ఆర్సీ నాన్న పేరునే ఉంది. యజమాని పోతే మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. నాన్న పోయి నాలుగేళ్ళు. మా ఆవిడ వాట్సాప్‌లో పంపిన ఆర్సీ ఫొటోలో పేరూ, నా ఆధార్‌లో తండ్రి పేరూ కళ్ళద్దాలు పైకెత్తి చూసి, రెండూ ఒకటే అనుకున్నాకే పెట్టె తెరిచాడు. చిరాకేసింది గానీ, అడక్కుండా చేసిచ్చేవాడైతే రేపు ఇంకెవడికైనా నా బండికి చేసిస్తాడు కదా.

పళ్ళు లేని ఇత్తడి తాళం ఒకటి తీసి, గరుకు కాగితంతో రుద్ది, లాక్‌లో పెట్టి అటూ ఇటూ బిగించి తిప్పాడు. బయటికి తీసి ఎండకి పట్టుకుంటే అంచు మీద ఆవగింజలో సగం లేని చుక్కలు. లోపలి రేకులు అడ్డుపడిన చోట్లవి. చుక్క పడిన చోటే ఆకురాయితో రెండు రాపులు, మళ్ళీ లోపలికి. ఒక రేకు సరిపోయాక అక్కడ ఇక చుక్క పడదు, దాన్ని వదిలేసి మిగతావి. ఎక్కువ రాసేస్తే తాళం పారేసి మొదటికి రావాలట. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డా. ముప్పావుగంటకి హ్యాండిల్ తిరిగింది. ట్యాంకు మూత మాత్రం మొరాయించింది, ఇంకో రెండు రాపులు పడ్డాయి.

నాలుగొందలన్నాడు. దాన్ని చూసి ఇంకోటి చేయమంటే యాభై. ఆరొందలిస్తే చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చాడు.

ఇంటికెళ్ళేసరికి పన్నెండున్నర. మా ఆవిడ తాళం సంగతే ఎత్తలేదు. సంచిలో చెయ్యి పెట్టి, "ముక్కలన్నీ చెమ్మగిల్లిపోయాయి, ఇవి తుడిచేసరికి సాయంత్రమవుతుంది" అని నా చేతిలో పాత పంచె ముక్క పెట్టింది.