ధర్మశాల ఫిల్మ్ ఫెస్టివల్ చూశాక మన జిల్లాల గురించి నాలుగు మాటలు

ధర్మశాల అనగానే మనవాళ్ళకి దలైలామా, క్రికెట్ స్టేడియం, ట్రెక్కింగ్ గుర్తొస్తాయి. నాకు మాత్రం నవంబర్ దగ్గరపడుతుందంటే అక్కడి ఫిల్మ్ ఫెస్టివల్ గుర్తొస్తుంది. ధర్మశాల ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్, అందరూ డిఫ్ అంటారు. పేరులో ఇంటర్నేషనల్ ఉంది, వేరే దేశాల సినిమాలూ వస్తాయి, కానీ నా లెక్కలో అది పక్కా ఊరి పండగ. దాని గురించి ఎప్పట్నుంచో రాద్దామనుకుంటున్నా, ఎందుకంటే మన దగ్గర షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలు ఎంతోమంది ఉన్నారు, వాళ్ళ సినిమా వాళ్ళ ఊళ్ళోనే పెద్ద తెర మీద చూపించే ఏర్పాటు మాత్రం ఎక్కడో తప్ప లేదు.

2012లో మొదలైంది ఇది. రితు సరీన్, తెన్‌జింగ్ సోనమ్ అని భార్యాభర్తలు, ఇద్దరూ టిబెట్ మీద డాక్యుమెంటరీలు, సినిమాలు తీసినవాళ్ళు, అక్కడే ఉంటారు. వాళ్ళ వైట్ క్రేన్ ఆర్ట్స్ అండ్ మీడియా అనే ట్రస్ట్ తరఫున దీన్ని మొదలుపెట్టారు. అప్పటికి మెక్లాడ్‌గంజ్‌లో, అంటే ధర్మశాల పైభాగంలో టిబెటన్లు ఎక్కువగా ఉండే చోట, సరైన సినిమా హాలే లేదు. అలాంటి చోట ఫెస్టివల్ అంటే ఎవరైనా ముందు హాల్ ఎక్కడ అని అడుగుతారు కదా, వీళ్ళు ఉన్నవాటితోనే కానిచ్చారు. 1959లోనే పుట్టిన టిబెటన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్, టీపా అంటారు, అక్కడ నాటకాలు, డాన్సులు వేసే హాల్‌లో ప్రొజెక్టర్ పెట్టి సినిమాలు వేశారు. తర్వాత్తర్వాత జనం పెరిగి ఆ చోటు సరిపోక ఇంకా పైకి, టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ స్కూల్‌కి మారింది. 1960లో శరణార్థి పిల్లల కోసం పెట్టిన స్కూల్ అది, పక్కనే చిన్న చెరువు, దేవదారు చెట్లు, వెనకాల ధౌలాధార్ కొండలు.

ఆ స్కూల్ ఆడిటోరియం ఒక థియేటర్ అయిపోతుంది, అది చాలదు కాబట్టి గ్రౌండ్‌లో గాలి కొట్టి నిలబెట్టే థియేటర్ వేస్తారు, పిక్చర్‌టైమ్ అని ఒక కంపెనీ చేస్తుంది వీటిని, లారీలో చుట్టచుట్టి తెచ్చి బ్లోయర్లు ఆన్ చేస్తే గుడారంలా లేచి నిలబడుతుంది, లోపల మామూలు థియేటర్‌లానే కుర్చీలు, ఏసీ, సరౌండ్ సౌండ్. మనకి కొత్తేం కాదు, 2022లో మన ఆసిఫాబాద్‌లో కూడా ఇలాంటిదే పెట్టారు. హాల్ లేదు కాబట్టి మా ఊళ్ళో సినిమా చూపించలేం అనే మాట ఇక చెల్లదు అంటాను నేను.

నాకు బాగా నచ్చిన సంగతి, పోటీ లేదు. అవార్డులు లేవు, బెస్ట్ ఫిల్మ్ లేదు, రెడ్ కార్పెట్ లేదు. మన దగ్గర షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ అంటే ముందు ఎంట్రీ ఫీజు, తర్వాత షీల్డులు, స్టేజ్ మీద ముఖ్య అతిథుల ప్రసంగాలు, శాలువాలు, ఆఖర్న టైమ్ లేదని సినిమాలు సగం సగం వేసి ఆపేయడం. ఒకసారి మా ఫ్రెండ్ సినిమా ఇరవై నిమిషాలది, ఎనిమిది నిమిషాలు వేసి లైట్లు వేసేశారు, సెలెక్ట్ అయిందని ఆనందంగా వాళ్ళమ్మని కూడా తీసుకొచ్చాడు వాడు. ఆ మొహం నేను మర్చిపోలేదు. ధర్మశాలలో సినిమా పూర్తిగా వేస్తారు, అయ్యాక డైరెక్టర్ వస్తే నిలబెట్టి మాట్లాడిస్తారు, బయటికొచ్చి మోమోలు తింటుంటే ఆ డైరెక్టరే పక్కన టీ కోసం లైన్‌లో ఉంటాడు, కావాలంటే ఇంకో అరగంట మాట్లాడొచ్చు.

ఆ స్కూల్ ఆడిటోరియంలో ఒక మధ్యాహ్నం నా ముందు వరసలో ఒక టిబెటన్ పెద్దావిడ కూర్చుంది, చుపా అని వాళ్ళ సంప్రదాయ దుస్తులు కట్టుకుని, చేతిలో జపమాల. పక్కన మనవరాలనుకుంటా, స్కూల్ యూనిఫాంలో ఉంది. ఏదో డాక్యుమెంటరీ, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్. ఆ పాప ప్రతి లైన్ చదివి అవ్వ చెవిలో వాళ్ళ భాషలో చెబుతూనే ఉంది, ఒక్కోసారి సబ్‌టైటిల్ వెళ్ళిపోయినా చెప్పడం అవ్వదు, అవ్వ మాత్రం తెర మీంచి కన్ను తిప్పదు, జపమాల మీద వేళ్ళు ఆగిపోయాయి. చుట్టుపక్కల ఎవరూ ష్ అనలేదు. ఢిల్లీ నుంచో ముంబై నుంచో వచ్చిన సినిమా పిచ్చోళ్ళు ఎంతమందైనా ఉండనీ, ఆ అవ్వ వచ్చి కూర్చుంది చూడండి, అందుకే దాన్ని ఆ ఊరి ఫెస్టివల్ అంటాను. మనం ఎప్పుడైనా ఇలాంటిది పెడితే తెలుగు సబ్‌టైటిల్స్ ఉండాల్సిందే, లేకపోతే మైక్ పట్టుకుని కథ చెప్పే మనిషైనా ఉండాలి.

ఇక లోకల్ ఫిల్మ్‌మేకర్ల సంగతి, అసలు విషయం ఇదే. 2014 నుంచి ఫెలోస్ ప్రోగ్రామ్ ఒకటి నడుపుతున్నారు, హిమాలయ ప్రాంతాల నుంచి కొత్తగా సినిమాలు తీస్తున్నవాళ్ళని కొంతమందిని ఎంచుకుని ఫెస్టివల్‌కి పిలిచి, అనుభవం ఉన్న డైరెక్టర్లతో కూర్చోబెట్టి వాళ్ళ ప్రాజెక్టుల మీద పనిచేయిస్తారు. ముంబైకి వెళ్ళి ఆఫీసుల చుట్టూ తిరగలేని ఒక కొండప్రాంతం కుర్రాడికి ఇది ఎంత పెద్ద విషయమో సినిమా తీయాలని తిరిగినవాళ్ళకి తెలుస్తుంది. మనం తీసింది చూసి నీ సెకండ్ హాఫ్ ఇక్కడ జారిపోతోంది అని చెప్పే మనిషి ఉండడం, అంతకంటే కావలసింది ఏముంది, యూట్యూబ్‌లో వ్యూస్ వస్తాయి కానీ ఆ మాట రాదు. ఆ చుట్టుపక్కల సినిమా వాతావరణం కూడా మెల్లగా ఏర్పడింది, పంజాబీలో మంచి సినిమాలు తీసిన గుర్విందర్ సింగ్ ధర్మశాల ఉన్న కాంగ్రా జిల్లాలోనే బీర్ అనే ఊళ్ళో ఉంటాడు, ధౌలాధార్ గొర్రెల కాపరులే నటులుగా గద్దీ భాషలో ఫీచర్ సినిమా వచ్చింది. అదంతా ఫెస్టివల్ వల్లే అనను, కానీ చూసేవాళ్ళు ఉన్నారనే ధైర్యం ఉంటే తీసేవాళ్ళు వస్తారు.

కష్టం లేదని కాదు. డబ్బు ఎప్పుడూ ఇబ్బందే, విరాళాలు, స్పాన్సర్లు, వాలంటీర్లు, వీటి మీదే నడుస్తుంది, దేశంలో ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్ళు వచ్చి పని చేస్తారు. కోవిడ్‌లో 2020, 2021 రెండేళ్ళూ ఆన్‌లైన్‌లోనే చేశారు, 2022లో మళ్ళీ ఆ కొండ మీదే పెట్టారు. ఆపేయడానికి అంతకంటే మంచి సాకు దొరకదు, అయినా ఆపలేదు. అందుకే నాకు వాళ్ళంటే గౌరవం.

మన దగ్గర ఏమీ లేదనడం అన్యాయం. మా కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ, కఫిసో, దశాబ్దాల కిందటే ప్రపంచ సినిమాని ఇక్కడికి తెచ్చింది, మా పెద్దలు చాలామంది సత్యజిత్ రాయ్‌ని అక్కడే చూశారు. హైదరాబాద్‌లో భాషా సాంస్కృతిక శాఖ 2016లో సినీవారం మొదలుపెట్టింది, శనివారం సాయంత్రం రవీంద్రభారతిలో కొత్త కుర్రాళ్ళ షార్ట్ ఫిల్ములు వేసి అక్కడే చర్చ పెట్టడం. ఆ హాల్ పేరు పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్, ఆయన కరీంనగర్ వాడే, బొంబాయి వెళ్ళి హీరో అయ్యి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు తీసుకున్నాడు. చూసేవాళ్ళూ ఉన్నారు, తీసేవాళ్ళూ ఉన్నారు, ఏటా ఒకే చోట ఒకే టైమ్‌కి కలిసే అలవాటు జిల్లాల్లో నిలబడలేదు. హైదరాబాద్‌లో పెడితే గోదావరిఖని కుర్రాడు వస్తాడు, నిజమే, వాళ్ళమ్మ రాదు, బొగ్గుగనుల మీద తీసిన సినిమా చూడాల్సింది ముందు ఆవిడే కదా.

ఈ చలికాలం మేం కొందరం కలిసి రెండు రోజులు చేద్దామనుకుంటున్నాం. కాలేజీ హాల్ ఒకటి అడిగాం, ప్రిన్సిపాల్ సార్ సరే అన్నారు, ప్రొజెక్టర్ ఉంది, కిటికీలకి నల్ల కర్టెన్లు లేవు, స్పీకర్లు టెంట్‌హౌస్ నుంచి తేవాలి. ఎంట్రీ ఫీజు ఉండదు, షీల్డులు ఉండవు, వచ్చిన సినిమా ఎంత నిడివి ఉంటే అంతా వేస్తాం, అయ్యాక కనీసం పావుగంట మాటలు. కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల తీసినది ఏదైనా పర్వాలేదు, ఫోన్‌తో తీసినా సరే, ఫైల్ ఒరిజినల్ క్వాలిటీలో పంపండి, వాట్సాప్‌లో పంపితే తెర మీద పిక్సెల్స్ కనిపిస్తాయి, డ్రైవ్ లింక్ పెట్టండి. కర్టెన్లు కుట్టగలిగేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇంకా మంచిది.