వీధి కింద ఇంకో వీధి: ఉట్రెక్ట్‌లో గంటసేపు పడవ

నెదర్లాండ్స్ వెళ్ళి ఆమ్‌స్టర్‌డామ్‌లో పడవెక్కి వచ్చిన మనవాళ్ళలో చాలామంది చెప్పేది ఒకటే. అద్దాల డబ్బాలో కూర్చోబెట్టారు, చెవిలో రికార్డు మోగుతూనే ఉంది, కాసేపయ్యాక ఇళ్ళన్నీ ఒకేలా కనిపించాయి. అందులో అబద్ధమేమీ లేదు. అందుకే నేను ఆ పడవల జోలికి పోకుండా రైలెక్కి అరగంటలోపే ఉట్రెక్ట్‌లో దిగాను. ఒక వైపుకి టికెట్టు పది యూరోలకు కాస్త అటూ ఇటూ. యంత్రం దగ్గర కాగితం టికెట్టు కొంటే పైన అదనంగా వడ్డిస్తారు కాబట్టి బ్యాంకు కార్డునే గేటుకి తాకించడం మేలు. ఇక్కడ మనవాళ్ళు బోల్తా పడేది ఒక్కచోటే: లోపలికి వెళ్ళేటప్పుడు ఫోన్ తాకించి, బయటికొచ్చేటప్పుడు జేబులోని ప్లాస్టిక్ కార్డు తాకిస్తారు. రెండూ ఒకే ఖాతావైనా యంత్రం వాటిని ఇద్దరు మనుషులుగానే లెక్కేస్తుంది. దిగిన గుర్తు లేదని మొదటిదాని మీద ఇరవై యూరోలు కోసేస్తుంది. ఏది తాకించి ఎక్కారో దాన్నే తాకించి దిగాలి.

స్టేషన్‌లోంచి ఊళ్ళోకి మామూలు దారి హోఖ్ కాతరైన అనే పెద్ద మాల్‌లోంచే. పది నిమిషాల్లో ఔదఖ్రాఖ్త్ వస్తుంది. ‘పాత కాలువ’ అని అర్థం. ఆ ‘ఖ’ని గొంతు లోతులోంచి పలకాలి. హైదరాబాద్ వాళ్ళకి ఖబర్, ఖర్చు అలవాటే కాబట్టి ఈ ఊళ్ళో పేర్లతో ఇబ్బంది పడరు.

కాలువ దగ్గరికొచ్చాక మొదట కనబడేది కాలువ కాదు, ఇనుప పిట్టగోడ. దాని మీద వంగి చూస్తే ఒక అంతస్తు కింద నీళ్ళు, నీళ్ళకు రెండు మూడు అడుగుల ఎత్తులో ఇటుకలు పరిచిన సన్నటి గట్టు, ఆ గట్టు మీద చెట్లు, కుర్చీలు, కాఫీ తాగుతున్న జనం. వాళ్ళ వెనక గోడలో వరసగా కమాను తలుపులు. మనం నిలబడ్డ వీధి ఆ తలుపుల నెత్తిన ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ లైడెన్‌లోనూ కాలువ వీధి పక్కన పారుతుంది, ఇక్కడ వీధి కింద పారుతుంది. పడవ ఎక్కడానికి కారణం అదే. పైన నడిచేవాడికి ఈ ఊరు సగమే కనిపిస్తుంది.

ఇలా ఎందుకు కట్టారో తెలుసుకుని ఎక్కితే గంట వృథా కాదు. ఒకప్పుడు రైన్ నది పాయ ఈ ఊరి మీదుగానే పోయేది. 1122లో ఎగువన వైక్ బై డ్యూర్‌స్తేదె దగ్గర దానికి అడ్డుకట్ట వేశారు. ఊరికి వచ్చే నీళ్ళు తగ్గాయి, వర్తకం ఆగిపోయే పరిస్థితి వచ్చింది. దాంతో ఉట్రెక్ట్ వర్తకులు దక్షిణంగా లెక్ నది వైపు కొత్త కాలువ తవ్వుకున్నారు. ఊరి లోపల తవ్విన మట్టిని రెండు పక్కలా పోయడంతో వీధులు ఎత్తయ్యాయి. నీటి మట్టాన్ని లాకులతో, అంటే కాలువకి అడ్డంగా పెట్టిన తలుపులతో, ఒకే చోట నిలబెట్టగలిగాక, ఇక వరద భయం లేదు కదా అని నీటి పక్కనే సరుకు దించే గట్టు కట్టుకున్నారు. ఆ గట్టు నుంచి వీధి కిందుగా తమ తమ ఇళ్ళ నేలమాళిగల దాకా సొరంగాల్లాంటి కొట్లు తవ్వుకున్నారు. పడవలోంచి పీపా దొర్లిస్తే నేరుగా ఇంట్లోకే. వీటినే వెర్ఫ్‌కెల్డర్లు అంటారు. ఏడువందలకు పైగా ఉన్నాయి.

గోదావరి జిల్లాల వాళ్ళకి దీని విలువ ఇట్టే తెలుస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటి మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75కి మూడోది. మధ్య తేడా ఆరడుగులు. అదే ఆరడుగులు ఔదఖ్రాఖ్త్‌లో పెరిగితే గట్టు మీది కుర్చీలు, కాఫీ కప్పులు, కొట్లలోని హోటళ్ళు అన్నీ మునుగుతాయి. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందటి వర్తకుడు నీటి పక్కన మైదా బస్తా దించుకుని నిశ్చింతగా నిద్రపోయాడంటే, ఆ నిశ్చింత లాకు ఇచ్చిందే.

ఇక పడవల సంగతి. పెద్ద కంపెనీల పడవలు పొడుగ్గా, అద్దాల గోడలతో ఉంటాయి. ఎండాకాలం పైకప్పు తెరుస్తారు. గంటకి మనిషికి పదిహేను నుంచి ఇరవై యూరోలు అనుకోండి. పది పన్నెండు మంది పట్టే తెరిచిన కరెంటు పడవలు ఇంకో రకం. తలకి లెక్కేస్తే ఖరీదు ఎక్కువే అయినా, వాన లేని రోజు డబ్బు పెట్టాల్సింది దానికే. కొట్ల లోపలికి, దీపస్తంభాల కిందికి, వంతెనల పొట్ట వైపు చూడాలంటే నెత్తిన కప్పు ఉండకూడదు. వాన రోజు అద్దాల పడవలో ఇంకో చిక్కు: తడి జాకెట్ల ఆవిరికి పావుగంటలో అద్దాలు మసకేస్తాయి, చేత్తో తుడుచుకుంటూ కూర్చోవాలి. తెరిచిన పడవలోకి గొడుగు తీసుకెళ్ళకండి. వెనకవాళ్ళకి ఏమీ కనబడదు, వంతెన వస్తే ముడవడానికి టైముండదు. టోపీ ఉన్న రెయిన్ జాకెట్ చాలు.

రేవుకి దిగే మెట్లు నిటారుగా, ఇరుగ్గా, తడిస్తే జారుడుగా ఉంటాయి. పిల్లల బండి అయితే ఒకరు ముందు, ఒకరు వెనక పట్టుకుని దించాల్సిందే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు తోడుంటే టికెట్టు కొనకముందే మెట్లు చూసి రండి. ఎక్కాక వాపసు అడగడం దండగ.

గైడున్న పడవలో ఎవరూ ముందుగా చెప్పని సంగతి భాషలు. మొదట డచ్‌లో చెప్తాడు, తర్వాత ఇంగ్లీషులో. పడవ మాత్రం ఆగదు. డచ్ వాక్యం అయ్యి ఇంగ్లీషు మొదలయ్యేసరికి ఆయన చెప్తున్న ఇల్లు ముప్ఫై అడుగులు వెనకబడి ఉంటుంది. అందరూ ముందు వరస కోసం తోసుకుంటారు. నన్నడిగితే వెనక కొస మంచిది. సరంగు పక్కన కూర్చుని, వెనక్కి తిరిగి చూస్తే చెప్తున్నదీ కనబడుతున్నదీ ఒకటవుతాయి. ఇంజను కరెంటుది కావడంతో వెనక కూర్చున్నా చప్పుడు లేదు, డీజిల్ కంపు లేదు. పాపికొండలు వెళ్ళే లాంచీలో వెనక కూర్చున్నవాళ్ళకి ఆ తేడా చెప్పక్కర్లేదు.

పడవ కదిలిన కాసేపటికే ‘తల వంచండి’ అని కేక. ఉత్తుత్తిది కాదు, కొన్ని కమానుల కింద నిజంగానే వంగాలి. చేతులు పడవ అంచు మీద పెట్టుకునే అలవాటు మానుకోండి. మలుపుల్లో పడవ గోడకు రాసుకుంటుంది. టౌన్‌హాలు ముందున్న స్టాడ్‌హైస్‌బ్రుఖ్ అయితే వంతెన అనిపించదు, సొరంగమే. పైన జనం సైకిళ్ళ మీద పోతున్న చోటు చిన్న మైదానమంత వెడల్పు. కింద మాత్రం చీకటి, చల్లదనం, ఇటుకల నుంచి కారే నీటి చుక్కలు. పడవంతా ఒక్కసారి నోరు మూస్తుంది, పిల్లలు తప్ప. వాళ్ళు ప్రతిధ్వని కోసం అరుస్తారు.

వంతెనల పేర్లు అడిగి తెలుసుకోండి. బాకర్‌బ్రుఖ్ అంటే రొట్టెలవాళ్ళ వంతెన, స్మేబ్రుఖ్ కమ్మరివాళ్ళది, ఫోలర్స్‌బ్రుఖ్ బట్టను తొక్కి గట్టిపరిచేవాళ్ళది. మన ఊళ్ళలో కుమ్మరి వీధి, సాలెల వీధి అన్నట్టే.

వంతెనల మధ్యలో చూడాల్సినవి దీపస్తంభాల కింది రాతి దిమ్మలు. వీధి దీపం పైన ఉంటుంది, దాన్ని మోసే దిమ్మ గోడలోంచి నీటి వైపు పొడుచుకొస్తుంది. ప్రతిదాని మీదా ఒక శిల్పం: ఆ ఇంటి వృత్తో, ఆ చోట జరిగిన సంగతో, బైబిలు కథో, సామెతో. పాతకాలపువి అనుకుంటాం కానీ చాలావరకు 1950ల తర్వాత చెక్కినవే. మూడువందలకు పైగా ఉన్నాయి. పైన నడిచేవాడికి సరిగా కనబడవు, పడవలోని వాడికి సరిగ్గా కళ్ళ ఎదురుగా. గైడు రెండో మూడో చూపించి వదిలేస్తాడు. మిగతావి మనమే పట్టుకోవాలి. ఫోటో తీయాలంటే జూమ్ పెట్టి సిద్ధంగా ఉండండి, రెండు సెకన్ల కంటే దొరకదు.

దోమ్ గోపురం ఇంకో దాగుడుమూత. 112 మీటర్ల ఎత్తు, దేశంలోని చర్చి గోపురాల్లో ఇదే పెద్దది. కాలువ వంకర్లు తిరగడంతో గోపురం ఒక వంతెన దగ్గర నెత్తి మీద నిలబడి, తర్వాతి వంతెన దాటేసరికి మాయమవుతుంది. 1321లో మొదలుపెట్టి 1382కి కట్టారు. 1674 ఆగస్టు 1న వచ్చిన తుపానులో చర్చి మధ్యభాగం కూలిపోయింది, మళ్ళీ కట్టలేదు. అందుకే గోపురం ఒక పక్క, మిగిలిన చర్చి ఒక పక్క, మధ్యలో ఖాళీ చౌకు. పడవలోంచి ఆ ఖాళీ కనబడదు, దిగాక నడిచి చూడాలి. గోపురానికి మెట్లు 465. గోపురం కూడా ఎక్కే ఉద్దేశం ఉంటే పడవకంటే ముందు ఎక్కండి. గంట కూర్చుని లేచాక కాళ్ళు మొరాయిస్తాయి.

గట్టు మీద హోటళ్ళకి సరుకు ఎలా వస్తుందో చూడాలంటే ఆదివారం మధ్యాహ్నం వద్దు, మామూలు రోజు పొద్దున్నే రావాలి. కొట్ల కప్పుల మీదే వీధి ఉండటంతో బరువు లారీలు తిరగకూడదు. అందుకని బీరు పీపాలు మోసేందుకు మున్సిపాలిటీకి ఒక పడవ ఉంది, పేరే బీర్‌బోట్. 2010 నుంచి అది బ్యాటరీ మీద నడుస్తోంది. పడవ మీది క్రేనుతో పీపాలు నేరుగా గట్టు మీదకి దించేస్తారు. మధ్యయుగంలో ఏ పని కోసం తవ్వారో ఆ కాలువ ఇప్పటికీ ఆ పనే చేస్తోంది. ఆదివారం మధ్యాహ్నమైతే అద్దె కయాకులు, తొక్కుడు పడవలు కాలువకి అడ్డం పడి ఉంటాయి. తెడ్డు ఎటు వెయ్యాలో తెలియని నలుగురు కుర్రాళ్ళ వల్ల మన గంటలో పది నిమిషాలు పోతాయి.

దక్షిణపు కొస దాటాక పడవ ఊరి చుట్టూ ఉన్న పాత కందకంలోకి వస్తుంది. ఇక్కడ గోడలు పోయి చెట్లు, గడ్డి. కోట బురుజు మీద సోనెన్‌బోర్ఖ్ నక్షత్రశాల కనబడుతుంది. డచ్ వాతావరణ శాఖ 1854లో పుట్టింది అక్కడే. పడమటి వైపు కందకానిది వేరే కథ. 1970ల్లో దాన్ని ఎండగట్టి కార్ల కోసం వెడల్పాటి రోడ్డు వేశారు. తప్పు తెలుసుకుని రోడ్డు తవ్వేసి 2020లో మళ్ళీ నీళ్ళు నింపారు. పొద్దున నడిచొచ్చిన మాల్ కిందుగానే ఇప్పుడా నీళ్ళు పోతాయి. చెరువు పూడ్చి బస్టాండ్ కట్టిన ఊళ్ళ నుంచి వచ్చిన మనకి ఈ ముక్క కాస్త గుచ్చుకుంటుంది. అన్ని పడవలూ ఆ వైపు వెళ్ళవు. టికెట్టు కొనేటప్పుడే దారి అడగండి.

దిగాక గట్టు మీద తింటే చోటుకే డబ్బు కడుతున్నట్టు. కాఫీ నాలుగు యూరోల దాకా ఉంటుంది. బిట్టర్‌బాలన్ అని గుండ్రటి వేపుడు ఉండలు అందరి బల్లల మీదా కనిపిస్తాయి, మామూలుగా వాటిలో ఉండేది గొడ్డుమాంసం. తినని వాళ్ళు అడక్కుండా నోట్లో వేసుకోకండి. చీజు నింపిన కాస్‌సూఫ్లే శాకాహారులకి దొరుకుతుంది, వేడి మీద కొరికితే నాలుక కాలడం ఖాయం.

తిన్నాక స్టేషన్‌కి పరుగెత్తకుండా కాలువ వెంట ఉత్తరంగా ఓ పది నిమిషాలు నడవండి. వేర్ట్‌స్లైస్ అనే లాకు వస్తుంది. ఊరి నీళ్ళకీ అవతల వెఖ్త్ నదికీ ఉన్న సుమారు మీటరు తేడాని పట్టి ఉంచేది ఇదే. ఇప్పటికీ చేత్తో తిప్పి తెరిచే తలుపులు.

దీనికొక కాలింగ్ బెల్ ఉంది, చేపలకి. వసంతకాలంలో చేపలు గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ ఊరి మీదుగా ఈదుతాయి. ఆ రోజుల్లో పడవలు తక్కువ కాబట్టి లాకు తెరవరు. తలుపు ముందు గుంపుగా ఆగిపోయిన చేపల్ని నీటిపక్షులు తినేస్తాయి. అందుకని 2021లో నీటి అడుగున కెమెరా పెట్టి ఆ దృశ్యం ఇంటర్నెట్‌లో వదిలారు. ప్రపంచంలో ఎక్కడ కూర్చున్నవాళ్ళైనా చేప కనబడితే గంట నొక్కొచ్చు. తగినన్ని చేరాయని తెలిస్తే లాకు మనిషి తలుపు తీస్తాడు. పులస వరద నీటికి ఎదురీది ధవళేశ్వరం దాకా వచ్చి ఆనకట్టకి తల కొట్టుకునే సంగతి తెలిసినవాళ్ళు ఆ లాకు దగ్గర కాసేపు ఎక్కువే నిలబడతారు. మన దగ్గర గంట నొక్కితే తలుపు తీసేవాడి కంటే ముందు వల పట్టుకున్నవాడు వస్తాడనుకోండి, అది వేరే సంగతి.

కెమెరా మార్చి నుంచి మే దాకానే. తెర మీద చాలాసేపు ఆకుపచ్చ నీళ్ళు తప్ప ఏమీ కనబడవు. ఆ తర్వాతి నెలల్లో వెళ్తే లాకు తలుపులు చూసి వెనక్కి రావడమే.